సత్రంలో చోటు లేని నెలలో ఇంటి క్రిస్మస్‌ను నిలుపుకోవడం ఎలా

డిసెంబరు 24 సాయంత్రం నా నోట ఎక్కువసార్లు వచ్చే మాట "రూములు లేవండి". తిరుపతి బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో కౌంటరు చూస్తాను. బడులకు సెలవులు, ఆఫీసులకు సెలవులు, కొత్త సంవత్సరం దర్శనాలు అన్నీ ఆ వారంలోనే వచ్చి పడతాయి. చంకలో పిల్లతో నిలబడ్డ దంపతులను తిప్పి పంపాల్సి వచ్చినప్పుడల్లా యేసు పుట్టిన రాత్రి మరియ, యోసేపులకు చోటు లేదన్న బేత్లెహేము సత్రం యజమాని మీద నాకు కొంచెం జాలి కలుగుతుంది. లూకా సువార్తలో అతని పేరు కాదు కదా, ఊసే లేదు. సత్రంలో చోటు లేదన్న ఒక్క ముక్క ఉందంతే. అయినా సండే స్కూలు నాటకంలో ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు తలపాగా చుట్టుకుని అతని వేషం వేసి, చూసేవాళ్ళ కోపమంతా మూటగట్టుకుంటాడు.

ఈ ఊళ్ళో నర్సులకు, బస్సు కండక్టర్లకు, హోటల్ వంటవాళ్ళకు, బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసేవాళ్ళకు ఇదే అవస్థ. పండుగ, పని ఒకే వారంలో వస్తాయి. పండుగ మొత్తాన్నీ ఒక్కసారిగా ఎత్తుకోబోతే ఏదీ చేతికి దక్కదు. ఒక ఏడాది 24న డ్యూటీ దిగి, అర్ధరాత్రి అరిసెలకు పాకం పెట్టాను. అది ముదిరి రాయైపోయింది. ఏడ్చి, కూర్చున్న చోటే నిద్రపోయాను. తెల్లవారుజాము ఆరాధనకు గంట కొట్టినా మెలకువ రాలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఈ పద్ధతి పట్టుకున్నాం. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఇంట్లోవాళ్ళను అడగండి

అక్టోబరు నెలాఖరులో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. "క్రిస్మస్‌కు ఏం చేద్దాం?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే పెద్దవాళ్ళు ప్రార్థన అంటారు, పిల్లలు బిర్యానీ అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "ఏది లేకపోతే నీకు క్రిస్మస్ రానట్టే ఉంటుంది?" అని అడగండి. అందరి ముందూ అడిగితే ఒకరు చెప్పిందే మిగతావాళ్ళూ చెబుతారు కాబట్టి విడివిడిగానే అడగాలి.

నా మనసులో అప్పటికి పదకొండు పనుల చిట్టా ఉంది. ఇంటికి సున్నం, కొత్త కర్టెన్లు, నాలుగు రకాల పిండివంటలు, క్రిస్మస్ చెట్టు, పశువుల పాక బొమ్మ ఇలా. వాళ్ళ జవాబులు వేరే వచ్చాయి. మా ఆయన ఆదివారం కొవ్వొత్తులు అన్నారు. అత్తమ్మ ఇరుగుపొరుగుకు పంపే పళ్ళెం అంది. మా అబ్బాయి అయితే ఇంటింటికీ తిరిగి పండుగ పాటలు పాడే క్యారల్స్ వాళ్ళు వచ్చే రాత్రి మేడ మీద దుప్పటి కప్పుకుని ఉడికించిన వేరుశనగకాయలు తినడం అన్నాడు. అది పండుగ ఆచారమని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు అరిసెలు. కర్టెన్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. వాటిని ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ తగిలించడానికి మూడేళ్ళుగా నేను పోగొట్టుకున్న ఆదివారాలు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

తలకు ఒకటి చొప్పున తీసుకోండి, అంతకు మించి వద్దు. మిగతావి కుదిరితే చేద్దామని వేరే కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించకండి. రోజూ కంటపడితే అదే మరో యజమాని అవుతుంది.

రెండు వైపులవాళ్ళ ఆచారాలు కలిసిన ఇంట్లో ఈ మాట ఇంకా ముందుగా జరగాలి. మాది చిత్తూరు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ వాళ్ళు నాటిన సంఘాల వైపువాళ్ళం. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. అందుకేనేమో మా అమ్మమ్మ అరిసెను అత్తిరసం అనేది, క్యారల్స్‌లో రెండు తమిళ పాటలు తప్పనిసరి. మా ఆయన వాళ్ళు తిరుపతి లూథరన్లు. ఇటువైపు సంఘాలకు మొదట వచ్చింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు. పచ్చటి కొమ్మల వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి ఆగమన కాలపు, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో ఒక్కొక్కటిగా వెలిగించే అలవాటు కూడా జర్మనీదే. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టరు తన ఆశ్రమంలోని పిల్లలు "పండుగ ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగి ప్రాణం తీస్తుంటే, మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి పెట్టి రోజుకొకటి వెలిగించాడట. పెళ్ళయిన కొత్తలో ఈ కొవ్వొత్తుల గొడవ నాకు అర్థం కాలేదు, ఆయనకు అత్తిరసం అర్థం కాలేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, మిగతావి కొన్ని పోయాయి.

తేదీలు పట్టుకోండి

గోడ క్యాలెండరు తీసి మొదట మీ పండుగ కాదు, ఊరి పండుగ గుర్తు పెట్టండి. తిరుపతిలో డిసెంబరు నడిమి నుంచి ధనుర్మాసం. వైకుంఠ ఏకాదశి ఎప్పుడు వస్తుందో చూడండి, అది ఒక్కో ఏడు ఒక్కోచోట ఉంటుంది. 2023లో డిసెంబరు 23న వచ్చింది. వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు కాబట్టి మా పండుగ సరిగ్గా ఆ పది రోజుల మధ్యలో ఇరుక్కుంది. 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబరు 30న మరోసారి వచ్చింది. ఆ తేదీ తెలియకుండా సెలవు అడగడం వృథా.

తర్వాత ఆగమన కాలపు మొదటి ఆదివారం చూడండి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు లెక్కపెడితే అది నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఎక్కడో పడుతుంది. చివరగా జనవరి 6 చుట్టూ గీత గీయండి. తూర్పు దేశపు జ్ఞానులు శిశువును చూడవచ్చిన పండుగ అది. పాత పద్ధతిలో డిసెంబరు 25తో పండుగ మొదలవుతుంది, ముగియదు. పన్నెండు రోజులు చేతిలో ఉంటాయి. ఇది గుర్తుంటే సగం కంగారు తగ్గుతుంది. 25న కుదరని విందు 28న పెట్టుకుంటే అది ఆలస్యమైన విందు కాదు, పండుగలోని విందే.

ఊరికి వెళ్ళేవాళ్ళు రైలు టికెట్ల తేదీ కూడా రాసుకోవాలి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది. అంటే 24న ప్రయాణమైతే అక్టోబరు 25న పొద్దున్నే కూర్చోవాలి. తిరుపతికి వచ్చే రైళ్ళలో ఆ వారం మీకు పోటీ మీ బంధువులు కాదు, దేశం మొత్తం. దర్జీకి బట్టలు నవంబరు మొదటి సగంలోనే ఇచ్చేయండి. డిసెంబరు వచ్చేసరికి వాళ్ళు సంక్రాంతి బట్టలు కూడా పట్టి ఉంటారు.

సెలవు అడగకండి, మార్చుకోండి

"పండుగ కదా, సెలవు ఇవ్వండి" అంటే యజమాని రిజిస్టరు చూపిస్తాడు. తోటి ఉద్యోగితో ముందే మాట్లాడుకుని ఇద్దరూ కలిసి వెళ్ళి చెబితే ఆయనకు అభ్యంతరం చెప్పే పని ఉండదు. నాతో పనిచేసే అన్నకు భోగి, సంక్రాంతి ఇంట్లో ఉండాలి. నవంబరులోనే అడిగేస్తాను. "అన్నా, ఆ రెండు రోజులూ నేను చూసుకుంటాను. 24 రాత్రి పది నుంచి 25 మధ్యాహ్నం రెండు దాకా మీరు చూసుకోండి." రెండు రోజులు ఇచ్చి పదహారు గంటలు తీసుకోవడం నష్టమని మా ఆయన అంటారు. నాకు కావలసిన పదహారు గంటలు అవి. రోజంతా సెలవు దొరికితే మంచిదే గానీ, దొరకదని తెలిసినప్పుడు గంటల్లో అడగడం మేలు.

పెద్ద రూపం, చిన్న రూపం

ఎంచుకున్న ప్రతి ఆచారానికీ రెండు రూపాలు ముందే అనుకోండి. తీరిక ఉంటే చేసేది ఒకటి, ఒళ్ళు హూనమైనా చేయగలిగేది ఒకటి. కొవ్వొత్తులకు పెద్ద రూపం కొమ్మల వలయం, పాట, వాక్యం, ప్రార్థన. చిన్న రూపం నాలుగు కొవ్వొత్తులు ఒక స్టీలు పళ్ళెంలో, వెలిగించి ఒక చరణం. పళ్ళేలకు పెద్ద రూపం పది ఇళ్ళు, చిన్నది ఎదురిల్లు, పక్కిల్లు. అలసిపోయిన రాత్రి కూర్చుని దేన్ని తగ్గించాలా అని ఆలోచిస్తే దేన్నీ తగ్గించలేరు, లేదా మొత్తం మానేస్తారు. ముందే అనుకుంటే చిన్న రూపం చేసినప్పుడు తప్పు చేసినట్టు అనిపించదు.

నక్షత్రం విషయంలో ఒక జాగ్రత్త. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి. మేడ మీద వెదురు కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం ఒక్క తుపానుకు ముద్ద అవుతుంది. వరండా కప్పు కింద కట్టండి. లోపల ఎల్ఈడీ బల్బే వేయండి. పాత గుండు బల్బు వేడికి కాగితం మాడుతుంది. వైరు అతుకులను టేపుతో చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, అప్పుడు కరెంటు ఇవ్వండి.

రోజుకొక అధ్యాయం

మా ఎదురింటి పెద్దావిడ ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి, ముగ్గు వేసి, తిరుప్పావైలో ఆ రోజు పాశురం చదువుకుంటారు. ముప్పై పాశురాలు, ముప్పై రోజులు. ఆ నెలంతా కొండ మీద సుప్రభాతం బదులు కూడా తిరుప్పావైనే వినిపిస్తారు. ఈ వయసులో ఒక్కరోజూ తప్పకుండా ఎలా చదవగలుగుతున్నారని ఒకసారి అడిగాను. "ముప్పై ఒక్కసారే చదవమంటే నేనూ చదవను తల్లీ. రోజుకు ఒకటే కదా" అన్నారు.

లూకా సువార్తకు 24 అధ్యాయాలు. డిసెంబరు 1న మొదలుపెడితే 24న పూర్తవుతుంది. రాత్రి భోజనం అయ్యాక, కంచాలు తీయకముందే చదవండి. లేచారా, ఎవరి ఫోను వాళ్ళది. మొదటి రోజే కాస్త కష్టం, మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి. దాన్ని ఇద్దరు పంచుకోండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవండి. మూడు రోజులు తప్పితే మాత్రం బాకీ తీర్చే పని పెట్టుకోకండి, ఆ రోజు తేదీకి ఏ అధ్యాయమో అక్కడికి దూకేయండి. 24న వచ్చేది పునరుత్థానం అధ్యాయం. అది చదివాక వెనక్కి వెళ్ళి రెండో అధ్యాయంలో మొదటి 20 వచనాలు మళ్ళీ చదువుతాం, గొర్రెల కాపరులు తిరిగి వెళ్ళేదాకా.

రాత్రి డ్యూటీ ఉన్న రోజు మా అబ్బాయి చదివి వాయిస్ మెసేజ్ పెడతాడు. కౌంటరు వెనక చెవిలో పెట్టుకుని వింటాను. నడుమ కుక్కరు విజిలు కూడా వినిపిస్తుంది.

అరిసెలు: మూడు రాత్రుల పని

ఒక్క రాత్రిలో అరిసెలు చేయాలనుకోవడమే నేను చేసిన తప్పు. ఈ వంట స్వభావమే ఆగి ఆగి చేసేది. డిసెంబరు రెండో వారంలో మూడు వరుస రాత్రులు చూసుకోండి. స్టీలు డబ్బాలో పెడితే పండుగ దాకా చెక్కుచెదరవు.

మొదటి రాత్రి కిలో పాత బియ్యం కడిగి నానబెట్టండి. కొత్త బియ్యం పనికిరాదు. మా అమ్మ చౌక దుకాణం బియ్యమే వాడేది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి నీళ్ళు మార్చండి, లేకపోతే వాసన వస్తుంది.

రెండో రాత్రి అసలు పని. సాయంత్రం బియ్యం వంపేసి, నీడలో గుడ్డ మీద పావుగంట ఆరనివ్వండి. పట్టుకుంటే చెయ్యి తడిగా అనిపించాలి, నీళ్ళు అంటకూడదు. తడి బియ్యం పట్టే మర దగ్గరుంటే పట్టించండి. మూసేస్తే మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి జల్లించుకోండి. పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టండి, ఆరిపోతే అరిసె రాదు. ముప్పావు కిలో బెల్లం దంచి చిన్న గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. బెల్లం కోసం నేను చిత్తూరు వెళ్ళినప్పుడు మండీ వీధిలో చూసి తెచ్చుకుంటాను. ముదురు రంగు గట్టి బెల్లం పాకానికి బాగుంటుంది. తెల్లగా మెరిసేదాన్ని నేను నమ్మను.

పాకం దగ్గర ఫోను పక్కన పెట్టండి. చిన్న గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తూ ఉండండి. మొదట కరిగిపోతుంది, తర్వాత అడుగున సాగుతుంది, ఆ తర్వాత వేళ్ళతో తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. అక్కడ ఆపేయాలి. ఉండను గిన్నెకు కొడితే టంగుమన్నదంటే దాటిపోయినట్టే. అయినా ఏడవనవసరం లేదు. అర గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ కాగనిస్తే దారికి వస్తుంది. ఆ అర్ధరాత్రి నాకు ఈ ముక్క తెలిస్తే ఆరాధన పోయేది కాదు. దించి నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండలు కట్టకుండా కలపాలి. ఈ ఒక్క పనికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో ఆయన కలుపుతారు, నేను పోస్తాను, ఇంకా పోయమని ఆయన, చాలని నేను. చలిమిడి చల్లారాక పైన నెయ్యి రాసి మూత పెట్టి పడుకోండి.

మూడో రాత్రి వేయించడం. నూనె రాసిన ఆకు మీద తట్టి, మధ్యస్థమైన మంట మీద వేయించి, రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండేయండి. నూనెలో విడిపోతుంటే పాకం లేతగా ఉన్నట్టు, కాస్త పిండి కలపండి. చలిమిడి గట్టిపడితే వేడి పాలు చిలకరించి మర్దించండి.

కేకు కొనుక్కోండి. మా ఇంట్లో ఎవరూ కేకు పేరు చెప్పలేదు, మీ ఇంట్లో చెబితే అది వేరే సంగతి. 20వ తేదీలోపు బేకరీలో చెప్పి పెడితే చాలు.

క్యారల్స్ రాత్రి

క్యారల్స్‌కు సంఘం యూత్ వాళ్ళు వచ్చేది ఏ రాత్రి అని ముందే కనుక్కుని, మీ షిఫ్టు చూసి వరుసలో మీ ఇంటిని ముందుకో వెనక్కో జరపమని అడగండి. మొహమాటపడకండి, వాళ్ళకూ ముందే తెలియడం మంచిదే. డోలు, గిటారు, క్రిస్మస్ తాత అందరూ కలిసి ముప్పైమంది వస్తారు. టీ అప్పటికప్పుడు పెట్టబోతే పాటలు వినడం మీకు కుదరదు. పెద్ద ఫ్లాస్కులో ముందే పోసి పెట్టండి. నాలుగు కిలోల వేరుశనగకాయలు ఉప్పు వేసి కుక్కరులో ఉడికిస్తే అందరికీ సరిపోతాయి. కానుక కవరు తలుపు పక్కనే ఉండాలి. అర్ధరాత్రి చిల్లర వెతుక్కోవడం ప్రతి ఇంట్లో జరిగేదే.

పళ్ళెం ఎవరికి, ఏమిటి

ఇక్కడ అత్తమ్మ నేర్పిన లెక్క ఉంది. అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళు బయటి వంట ముట్టరు. మండల దీక్ష డిసెంబరు చివరి వారం దాకా ఉంటుంది కాబట్టి వాళ్ళకు అరటిపళ్ళు, జామపళ్ళు. ధనుర్మాసం పాటించే ఇళ్ళకు గుడ్డు తగలనివి. మురుకులు, అరిసెలు కొత్త నూనెలో విడిగా చేసి ముందే తీసి పెట్టాలి. ఏకాదశి నాడు పళ్ళెం పంపకండి, ఉపవాసంలో ఉన్నవాళ్ళను ఇబ్బంది పెట్టినట్టవుతుంది. పళ్ళెం పిల్లల చేత పంపండి. పెద్దవాళ్ళం వెళితే గంట కూర్చోబెడతారు.

ఆ రోజు

24 రాత్రే బట్టలు ఇస్త్రీ చేసి, కానుక కవర్లు, బైబిలు, కీర్తనల పుస్తకం ఒకే సంచిలో పెట్టి తలుపుకు తగిలించండి. తెల్లవారుజాము ఆరాధనకు నడిచి వెళ్ళే దూరమైతే నడవండి. బస్టాండు చుట్టుపక్కల ఆ వేళకే యాత్రికుల వాహనాలు దారి పట్టి ఉంటాయి. వచ్చాక ఒక గంట ఏ పనీ పెట్టుకోకండి. ఆ గంట కోసమే నేను రెండు రోజుల సంక్రాంతి ఇచ్చాను.

మా ఆడబిడ్డ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆమెకు రాత్రి పని ముగిశాకే ఫోను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమెకు ఎనిమిదైతే మనకు పదిన్నర. అందుకని మా కుటుంబ ప్రార్థన పొద్దున్నుంచి రాత్రి పదిన్నరకు మారింది. మొదట్లో అత్తమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు పదింటికే ఫోను గోడకు ఆనించి కూర్చుంటుంది.

బిర్యానీ 25న కుదరకపోతే ఆ రోజుకు మానేయండి. మాకు ఎక్కువ ఏళ్ళు 27నో 28నో అవుతుంది.

నక్షత్రం దించేటప్పుడు

జనవరి 6 దాకా ఉంచండి. దించిన రోజే, గుర్తున్నప్పుడే, ఒక కాగితం మీద ఈ ఏడు ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎన్ని కిలోలు మిగిలాయి అని రాసి నక్షత్రం పెట్టెలోనే పెట్టండి. నవంబరులో పెట్టె తెరిచినప్పుడు అదే మొదట చేతికి వస్తుంది. మా పెట్టెలోని కిందటి కాగితం ఇలా ఉంది: "అరిసెలు కిలోన్నర చాలు. ఫ్లాస్కు మూత కారుతోంది. మూడో మేడవాళ్ళు మాల వేసుకున్నారు, పళ్ళు పంపాలి. క్యారల్స్ వాళ్ళకు వేరుశనగ సరిపోలేదు, నాలుగు కిలోలు. నక్షత్రం వైరు ఎలుక కొరికింది, కొత్తది కొనాలి."